చెక్క కోయించే ముందు స్పీకర్‌ని కొలవండి

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి విడి స్పీకర్ కొనడానికి వెళ్లేవాళ్లలో చాలామంది మొదట చేసే పని, దాన్ని చేత్తో ఎత్తి మ్యాగ్నెట్ బరువు చూడటం. తర్వాత ఎన్ని ఇంచులు, ఎన్ని వాట్లు అని అడుగుతారు. ఆ రెండు జవాబులు పట్టుకుని వడ్రంగి దగ్గరికి వెళ్లి, ‘అన్నా, పది ఇంచుల వూఫర్‌కి డబ్బా కావాలి, ముందుపక్క పైపు పెట్టు’ అంటారు. డబ్బా తయారవుతుంది. కిటికీ అద్దాలు అదురుతాయి. కానీ ఇళయరాజా పాటలో బేస్ గిటార్ ఎటు నడిచినా చెవికి ఒకటే ‘బూం’ తగులుతుంది. స్పీకర్ మంచిదే, చెక్క మంచిదే, వాటికి పొత్తు కుదరలేదు. ఆ పొత్తు కుదర్చడానికి పక్కా లెక్క ఉంది. కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఒక మల్టీమీటర్ ఉంటే చాలు. ఇంట్లో డబ్బా చేసుకునే ప్రతివాళ్లకీ ఈ లెక్క తెలియాలన్నదే నా తపన.

ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది కదా. సీసా మెడలోని గాలి ముందుకూ వెనక్కీ ఊగుతుంటుంది, లోపలి గాలి స్ప్రింగులా దాన్ని తోస్తూ లాగుతూ ఉంటుంది. పైపు పెట్టిన డబ్బా చేసేదీ అదే. కోన్ వెనకనుంచి పుట్టే ధ్వని ముందునుంచి వచ్చేదానికి ఎదురుతిరిగి బేస్‌ని తినేస్తుంది. డబ్బా లోపలి లీటర్లూ పైపు కొలతలూ సరిపడితే, ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ వెనక ధ్వనే దిశ మార్చుకుని ముందు ధ్వనికి తోడొస్తుంది. 30 హెర్ట్జ్‌కి కుదిర్చిన డబ్బాలో ఇది కంటికే కనిపిస్తుంది. ఫోన్‌లో సిగ్నల్ జనరేటర్ యాప్ పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో 50 హెర్ట్జ్ నుంచి మెల్లగా కిందికి దిగండి. కోన్ ఊపు తగ్గుతూ వచ్చి 30 దగ్గర దాదాపు నిలబడిపోతుంది. అప్పుడు పైపు ముందు అరచెయ్యి పెడితే గాలి తగులుతుంది. గదిలో వినపడే బేస్‌లో అధికభాగం అక్కడినుంచి వచ్చేదే. ఇంకా దిగి 20 దగ్గరికి వెళ్తే కోన్ పట్టుతప్పి ఊగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పనుంది.

ఈ డబ్బాకి పేటెంట్ 1932లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన ఆల్బర్ట్ థురాస్‌కి దక్కింది. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు దీన్ని చాలావరకు చెవిని నమ్ముకునే చేశారు. పైపు కోసి వినడం, మళ్లీ కోసి వినడం. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీర్ నెవిల్ థీల్, స్పీకర్‌నీ డబ్బానీ కలిపి ఒకే ఎలక్ట్రికల్ ఫిల్టర్‌గా చూస్తే లెక్కంతా తేలిపోతుందని చూపించాడు. ఏ స్పీకర్‌కి ఏ డబ్బా అని 28 పొత్తుల పట్టిక ఇచ్చాడు. అది ఆస్ట్రేలియా పత్రికలో వచ్చినందువల్ల బయటివాళ్ల కంట పెద్దగా పడలేదు. 1971లో అమెరికాలోని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రిక తిరిగి అచ్చువేశాకే ప్రపంచం చదివింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1972, 73లలో దాన్ని ఇంకా విస్తరించాడు. అందుకే స్పీకర్ కొలతలకి ఈనాటికీ థీల్-స్మాల్ పారామీటర్లనే పేరు.

ఆ కొలతల్లో మనకి మూడు చాలు. ఎఫ్ఎస్ అంటే విడిగా గాల్లో ఉన్న స్పీకర్ కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. వీఏఎస్ అంటే కోన్‌ని పట్టి ఉంచే అంచూ స్పైడరూ ఎంత మెత్తగా ఉన్నాయో, అంత మెత్తదనం ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందన్న లెక్క. క్యూటీఎస్ అంటే ఊగుతున్న కోన్ ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె. మ్యాగ్నెట్ బలం పెరిగేకొద్దీ అదుపు పెరుగుతుంది, అంకె తగ్గుతుంది.

ఒక పది ఇంచుల వూఫర్ తీసుకుందాం. ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.38, వీఏఎస్ 70 లీటర్లు. ఆడియో ఇంజనీర్ డాన్ కీలే పేరుతో చలామణిలో ఉన్న సులువు సూత్రం ప్రకారం, క్యూటీఎస్‌ని 2.87వ ఘాతానికి పెంచి, దాన్ని వీఏఎస్‌తోనూ 15తోనూ గుణిస్తే డబ్బా లీటర్లు వస్తాయి. ఇక్కడ 65. క్యూటీఎస్‌ని మైనస్ 0.9 ఘాతానికి పెంచి, ఎఫ్ఎస్‌తోనూ 0.42తోనూ గుణిస్తే పైపుని ఎక్కడ ట్యూన్ చేయాలో తెలుస్తుంది. ఇక్కడ 30 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్. అంటే ఈ డబ్బా దాన్ని తేలిగ్గా పలికిస్తుంది.

ఇప్పుడు చిన్న మ్యాగ్నెట్‌తో వచ్చే చవక వూఫర్ చూడండి. ఎఫ్ఎస్ 45, క్యూటీఎస్ 0.6, వీఏఎస్ 60 అనుకుంటే సూత్రం 200 లీటర్లు దాటిన డబ్బా అడుగుతుంది. దాన్ని 40 లీటర్ల పైపు డబ్బాలో ఇరికిస్తే 50, 60 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వని గుట్టలా లేస్తుంది. మొదట చెప్పిన ‘బూం’ అదే. అలాంటిదానికి పైపు వద్దు, 60 లీటర్ల మూసిన డబ్బాలో పెడితే మర్యాదగా పాడుతుంది.

రెండో కొస ఇంకా ఆశ్చర్యం. ఊరేగింపుల్లో వాడే బరువైన మ్యాగ్నెట్ వూఫర్‌కి ఎఫ్ఎస్ 40, క్యూటీఎస్ 0.25 ఉందనుకోండి. డబ్బా చిన్నదే సరిపోతుంది, వీఏఎస్‌లో 28 శాతం. కానీ 72 హెర్ట్జ్ దగ్గరికే దాని ధ్వని 3 డెసిబెల్స్ పడిపోయి ఉంటుంది. బయట మైదానంలో గుండెల మీద గుద్దే స్పీకర్ ఇంట్లో సినిమా పెడితే లోతైన బేస్ ఇవ్వదు. బరువు చూసి కొనడం ఎందుకు తప్పో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

మన మార్కెట్‌లో దొరికే చాలా స్పీకర్లకి ఈ అంకెలు రావు. అందుకే కొలుచుకోవడం నేర్చుకోవాలి. స్పీకర్‌ని బల్ల మీద బోర్లించకుండా, ముందూ వెనకా గాలి ఆడేలా వేలాడదీయండి. యాంప్లిఫైయర్ నుంచి 100 ఓంల, 5 వాట్ల రెసిస్టర్ గుండా స్పీకర్‌కి వైరు ఇవ్వండి. ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర స్పీకర్ మీది ఏసీ వోల్టేజీని రెసిస్టర్ మీది వోల్టేజీతో భాగించి 100తో గుణిస్తే, అక్కడ స్పీకర్ ఎన్ని ఓంలో వస్తుంది. కొన్ని చవక మీటర్లలో ఏసీకి కింది రేంజే 200 వోల్టులు, అవి ఈ పనికి రావు. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్నది కావాలి.

పైన మొదట చెప్పిన పది ఇంచుల వూఫర్‌నే కొలుస్తున్నామనుకోండి. మామూలు ఓంల రేంజ్‌లో కాయిల్ 6 ఓంలు చూపింది. 30 హెర్ట్జ్ దగ్గర ఓంలు పెరిగి 54కి చేరి మళ్లీ దిగాయి. ఆ శిఖరమే ఎఫ్ఎస్. 54ని 6తో భాగిస్తే 9, దాని వర్గమూలం 3. కాబట్టి 6కి మూడింతలు, అంటే 18 ఓంలు, శిఖరానికి రెండు పక్కలా ఎక్కడెక్కడ వస్తాయో వెతకాలి. 19.6, 45.9 దగ్గర వచ్చాయి. తేడా 26.3. ఎఫ్ఎస్‌ని 3తో గుణించి ఈ తేడాతో భాగిస్తే 3.42, దాన్ని 9తో భాగిస్తే 0.38. క్యూటీఎస్ చేతికొచ్చింది.

వీఏఎస్ కోసం కొలత తెలిసిన మూసిన డబ్బా కావాలి. 35 లీటర్ల డబ్బాకి స్పీకర్ బిగించి శిఖరాన్ని మళ్లీ వెతికితే 52 హెర్ట్జ్ దగ్గర కనిపించింది. 52ని 30తో భాగించి వర్గం చేస్తే 3, ఒకటి తీసేస్తే 2, 35తో గుణిస్తే 70 లీటర్లు. పాత ప్లైవుడ్ ముక్కలతో చేసిన ఒక్క పరీక్ష డబ్బా ఇలా ఎన్ని స్పీకర్లకైనా పనికొస్తుంది.

పైపు దగ్గర బేరాలు తప్పవు. 65 లీటర్లని 30 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయడానికి 7.5 సెంటీమీటర్ల వ్యాసం పైపైతే 17 సెంటీమీటర్ల పొడవు చాలు, కానీ గట్టిగా పెడితే గాలి బుసకొడుతుంది. 15 సెంటీమీటర్ల వ్యాసమైతే బుస ఉండదు, పొడవు 80 సెంటీమీటర్లు కావాలి, డబ్బాలో పట్టదు. 10 సెంటీమీటర్ల వ్యాసం, 33 సెంటీమీటర్ల పొడవు మధ్యేమార్గం. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే నాలుగు ఇంచుల పీవీసీ పైపు నిక్షేపంగా పనిచేస్తుంది. కొసలని గుండ్రంగా అరగదీస్తే ఇంకా మంచిది. పైపు లోపలి కొసకీ వెనక చెక్కకీ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ వదలాలి.

65 లీటర్లు నికరంగా మిగలాలి. వూఫర్, పైపు, లోపలి అడ్డచెక్కలు ఆక్రమించేది కలుపుకుంటే మొత్తం 72, 73 లీటర్లు అవుతుంది. లోపలి కొలతలు 36, 42, 48 సెంటీమీటర్లు పెడితే సరిపోతుంది. ఆకారం గురించి బెంగ వద్దు. 30 హెర్ట్జ్ అల పొడవు 11 మీటర్లకి పైనే కాబట్టి సబ్‌వూఫర్‌కి లీటర్లే ముఖ్యం. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ గానీ మంచి ప్లైవుడ్ గానీ వాడి, జిగురు నిండుగా పెట్టి, మూలలన్నీ సిలికాన్‌తో మూయాలి. గాలి కారే డబ్బాలో లెక్క నిలవదు.

బిగించాక మళ్లీ అదే మీటరు, అదే రెసిస్టర్. ఈసారి రెండు శిఖరాలు, మధ్యలో ఒక లోయ కనిపిస్తాయి. లోయ ఉన్న చోటే డబ్బా ట్యూనింగ్. అది 30 కన్నా కిందుంటే పైపు కొంచెం కోయాలి, పైనుంటే పొడవు పెంచాలి. అందుకే పైపు మొదట రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే ఉంచుకోవాలి.

ఇక 20 హెర్ట్జ్ దగ్గర కోన్ పట్టుతప్పే సంగతి. ట్యూనింగ్‌కి దిగువన పైపు డబ్బా కోన్‌కి ఏ ఆసరా ఇవ్వదు. సినిమాలో పేలుడు వస్తే కాయిల్ వెనక ప్లేటుకి కొట్టుకుని పాడవుతుంది. కాబట్టి యాంప్లిఫైయర్‌కి ముందు 25 హెర్ట్జ్‌కి దిగువన ఉన్నదాన్ని కోసేసే సబ్‌సోనిక్ ఫిల్టర్ పెట్టాలి. ఇది విలాసం కాదు, దీన్ని పెట్టని పైపు డబ్బా నా దృష్టిలో సగం పనే. సన్న వైరు కూడా వాడొద్దు. 6 ఓంల కాయిల్‌కి వైరులో ఒక ఓం చేరితే అయస్కాంతపు అదుపు ఆ మేరకు సడలి క్యూటీఎస్ పెరుగుతుంది, కష్టపడి కుదిర్చిన పొత్తు చెదురుతుంది.

స్పీకర్ వెనక స్టిక్కర్ మీద వాట్లు అచ్చువేసేవాళ్లు ఈ మూడు అంకెలూ అచ్చువేయడం పెద్ద పని కాదు. కొనేవాళ్లు అడిగితే దుకాణందార్లు తయారీదార్లని అడుగుతారు. కాబట్టి కౌంటర్ దగ్గర గట్టిగానే అడగండి. లేవంటే స్పీకర్ ఇంటికి తెచ్చి కొలుచుకోండి. ఆ మూడు అంకెలూ కాగితం మీదికి వచ్చేదాకా వడ్రంగికి కొలతలు ఇవ్వొద్దు.