‘ప్రేమాభిషేకం’లో క్యాన్సర్ రోగి మౌనం – విమర్శనాత్మక పరిశీలన

తెలుగు ప్రేక్షకుల మనసుల్లో క్యాన్సర్‌ను త్యాగంతో ముడివేసిన చిత్రాల్లో దాసరి నారాయణరావు ‘ప్రేమాభిషేకం’ (1981) ప్రధానమైనది. తనకు క్యాన్సర్ ఉందని తెలిసిన రాజేష్ (అక్కినేని నాగేశ్వరరావు) ఆ సంగతిని ప్రియురాలు దేవి (శ్రీదేవి)కి చెప్పడు. వేశ్యాలోలుడిగా నటించి ఆమె అసహ్యాన్ని కోరి తెచ్చుకుంటాడు. ఆమె మరొకరిని పెళ్లాడేలా చేస్తాడు. కథ దీనిని ప్రేమకు పరాకాష్ఠగా నిలిపింది.

రోగి పక్షాన నిలిచి చూస్తే ఇది తనకు తాను విధించుకున్న వెలి. సిసిలీ సాండర్స్ ప్రతిపాదించిన ‘సమగ్ర బాధ’ భావన ప్రకారం మరణాసన్న రోగి వేదనలో శారీరక, మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక పార్శ్వాలు కలగలిసి ఉంటాయి. రాజేష్ మౌనం వీటిలో మానసిక, సామాజిక బాధలను మరింత పెంచింది. పైగా, తోడుండాలో వద్దో నిర్ణయించుకునే అవకాశం దేవికి దక్కలేదు. రోగికే రోగం పేరు చెప్పని కుటుంబాల్లోనూ ఇదే తర్కం పనిచేస్తుంది: ‘తెలిస్తే తట్టుకోలేరు’. దాచేవారు మారినా ఒంటరితనం రోగిదే. చికిత్స, ఆస్తి, పిల్లల బాధ్యత గురించి మాట్లాడుకోవలసిన కాలం ఆ మౌనంలోనే గడిచిపోతుంది.

కన్నీరు తెప్పించడంలో చిత్రం సఫలమైంది. అయితే రోగికి మనసు విప్పి మాట్లాడే తోడు అవసరమన్న సంగతి ఆ కన్నీటిలో మరుగున పడింది. క్యాన్సర్ కథనాలను అంచనా వేసేటప్పుడు ఈ అవసరాన్నీ ఒక ప్రమాణంగా స్వీకరించాలి.