పాము రాకపోతే

జై విటేకర్ టీచరుగా పనిచేసిన మనిషి. 1976లో మొదలైన మద్రాసు మొసళ్ల కేంద్రం స్థాపకుల్లో ఒకరు. పక్షుల సలీం అలీ ఆమెకు వరుసకు తాత, పిలుపుకు మామూ. వన్యప్రాణుల మీద పిల్లల కోసం వచ్చే పుస్తకాలు చాలావాటిలో జంతువు మీద జాలి కనిపిస్తుంది, జంతువుతో బతికే మనుషులు కనిపించరు. ఈమె పుస్తకాల్లో కనిపిస్తారు. అందుకే 2000లో తూలిక ప్రచురించిన 'కాళి అండ్ ది ర్యాట్ స్నేక్'ని ముందు జగిత్యాలలో, తర్వాత కోరుట్లలో పిల్లలకు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చేతిలో ఇంగ్లీషు పుస్తకం, నోట్లో మా మాటలు.

కాళి ఇరుళ పిల్లవాడు. తండ్రి పాములు పడతాడు. బళ్లో కాళి ఒంటరి. ఒకరోజు తరగతిలోకి జెర్రిపోతు వస్తుంది, అందరూ హడలిపోతారు, కాళి దాన్ని పట్టుకుంటాడు. ఇక అందరికీ కావలసినవాడవుతాడు. (మనవాళ్లు ఈ పాముని పోతు అంటారు, కాకపోతే జెర్రిగొడ్డు అంటారు. గుడ్లు పెట్టే ఆడపాముకి ఈ రెండు పేర్లలోనూ చోటు లేదు!)

ఇరుళుల చరిత్ర తెలిసి చదివితే కథ బరువు పెరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పాముతోళ్ల వ్యాపారం ఆగి వాళ్ల పొట్టకూటి దారి మూసుకుపోయింది. 1978లో ఏర్పడిన వాళ్ల సహకార సంఘం పాముల విషం తీసి, కాటుకు మందు తయారుచేసేవాళ్లకు అమ్మి, పాముల్ని మళ్లీ వదిలేస్తుంది. ఆ సంఘంలో ఆడవాళ్లూ ఉన్నారు. 2023లో పద్మశ్రీ అందుకున్న ఇద్దరు ఇరుళులూ, వడివేల్ గోపాల్, మాసి సదయన్, మగవాళ్లే. కాళి కథలోనూ పేరు తెచ్చే విద్య తండ్రిదే.

కోరుట్లలో నా తరగతిలో ఒకమ్మాయి ఉండేది. పొద్దున తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టి బడికి వచ్చేది. వేళ్లకు తంబాకు వాసన. పక్కపిల్లలు జరిగి కూర్చునేవాళ్లు. గొడవెందుకని నేనే ఆమెను కిటికీ పక్కకు మార్చాను. గాలి బాగా వస్తుందని చెప్పాను కూడా. కాళి కథ అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కొట్టలేదు.

"గా పాము రాకపోతే ఏమయితుండె టీచర్?"

నా దగ్గర జవాబు లేదు. ఏ ఆకు చిరుగుతుందో, ఎంతసేపు నానాలో ఆ పిల్లకు తెలుసు. ఎండాకాలం అడవిలో తునికాకు కోసే ఆడవాళ్ల చేతుల నుంచి ఆమె తల్లి ఒళ్లోని చాట దాకా ఆ ఆకు నడిచి వచ్చిన దారి, నేను చెప్పిన ఏ పర్యావరణ పాఠంలోనూ లేదు. కానీ తునికాకు తెలిసినందువల్ల తరగతి ప్రాణాలు దక్కే రోజు రాదు. కాళి గౌరవం అవతలివాళ్ల భయం మీద నిలబడింది. ఈ కథలో నాకు అడ్డుపడేది అదే.

2017లో వచ్చిన 'సలీం మామూ అండ్ మీ' చదివాక ఇది ఇంకా స్పష్టమైంది. అది రచయిత్రి సొంత చిన్నతనం. పక్షుల్ని గుర్తుపట్టే కుటుంబంలో పక్షుల పేర్లు తారుమారు చేసి సిగ్గుపడే ఆడపిల్ల. నాకు చాలా ఇష్టమైన పుస్తకం, ఎందుకంటే రాని పిల్ల కూడా అందులో కథానాయికే. అయితే రాకపోయినా ఆమె ఆ ఇంటి పిల్లే, ఎవరూ ఆమెను కిటికీ పక్కకు జరపరు. కాళికి మాత్రం అన్నీ వచ్చి ఉండాలి. ఒకే కలం ఇద్దరు పిల్లలకు రెండు కొలతలు పెట్టింది. రచయిత్రికి మనసు లేక కాదు, బడి ఎలా ఉంటుందో ఆమె అలాగే రాసింది. ఆ బడిని నడిపినవాళ్లలో నేనూ ఉన్నాను.

కాళిని ఇప్పటికీ చదువుతాను. పాము వచ్చే పేజీకి ముందే ఆపి, కాళికి ఏమేం తెలిసుంటుందో చెప్పమంటాను. మొన్న సిరిసిల్లలో, కండెలు చుట్టే వాళ్ల వాడలో అలాగే ఆపాను. పిల్లలు కాళి సంగతి చెబుతూ చెబుతూ ఇళ్లలోకి వెళ్లిపోయారు. "దారం తెగితే మా అమ్మకు చూడకుండనే తెలుస్తది" అంది ఒక పిల్ల. ఆ పూట పాము పేజీ దాకా వెళ్లనే లేదు.