కొత్త ఈగకు రుజువు కావాలి

సూరత్ జిల్లాలోని వస్తాన్, తడకేశ్వర్ గనుల్లో లిగ్నైట్ తవ్వుతుంటే నల్లటి పొరల మధ్య తేనెరంగు ముక్కలు బయటపడుతూ వచ్చాయి. అది ఆంబర్. మన పాత పుస్తకాల్లో తృణమణి అన్నది దీన్నే. దాదాపు 5.4 కోట్ల ఏళ్ల కిందట చెట్లు కార్చిన జిగురు భూమి పొరల్లో గట్టిపడి ఇలా మిగిలింది. ఆ చెట్లు డిప్టెరోకార్పేసీ కుటుంబానివని రసాయన పరీక్షల్లో తేలింది. ఉత్తరాంధ్ర మన్యంలో పెరిగే గుగ్గిలం చెట్టు, శేషాచలం కొండల్లోని జాలారి చెట్టు కూడా ఆ కుటుంబానివే. మనం నిప్పుల మీద వేసే గుగ్గిలానికీ ఈ శిలాజానికీ చుట్టరికం ఉందన్నమాట.

కాంబే ఆంబర్ అని పిలిచే ఈ ముక్కల్లో చిక్కుకున్న 700కు పైగా కీటకాలు, సాలీళ్లు తదితర జీవుల గురించి 2010లో జర్మనీ, భారత్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ఒక పత్రం వెలువరించారు. చాలా చోట్ల దొరికే ఆంబర్‌లో ఈగలు, దోమల వర్గానివే ఎక్కువగా కనిపిస్తాయి. చిన్న ఒళ్లు, తడి నేలల మీద గుంపులుగా తిరిగే అలవాటు, చెట్టు మాను మీద వాలే గుణం వాటిని జిగురు పాలు చేశాయి. చిక్కులు మొదలయ్యేది ఆ తర్వాతే. రెండు మూడు మిల్లీమీటర్ల ఈగను చూసి, ఇది ఇంతవరకూ ఎవరూ ఎరగని జాతి అని చెప్పడానికి ఏ ఆధారం కావాలి? గనిలో దొరికేది ఈగ మాత్రమే. అది కొత్తదన్న సంగతి బల్ల ముందు కూర్చుని తేల్చాలి.

మొదటి పని చేతిది. ముక్కను వెలుగుకి అడ్డం పెట్టి, పురుగు ఎక్కడుందో, ఏ వైపు నుంచి రెక్క పరుచుకుని కనబడుతుందో గుర్తించాలి. సన్నటి రంపంతో అదనపు భాగం కోసేసి, నీళ్లు పోస్తూ గరుకు కాగితం మీద అరగదీయాలి. గరుకు తగ్గించుకుంటూ కాగితాలు మార్చుతూ పోవాలి. రెక్కకు సమాంతరంగా చదునైన తలం వస్తేనే సూక్ష్మదర్శినిలో బొమ్మ వంకర పోకుండా కనిపిస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందంటే ఈగ కాలే ఎగిరిపోతుంది. పగుళ్లున్న పెళుసు ముక్కలకైతే ముందుగా ఎపాక్సీ రెసిన్ తొడుగు వేస్తారు. ఉపరితలం మీది గీతలు కళ్లకు అడ్డు రాకుండా పైన గ్లిసరిన్ చుక్క వేసి పలుచటి గాజుపలక కప్పడమూ ఉంది.

కాంబే ఆంబర్‌కి ఒక ప్రత్యేకత ఉంది. బాల్టిక్ తీరపు ఆంబర్ అంత గట్టిగా ఇది బిగుసుకోలేదు. కొన్ని ద్రావకాల్లో కరుగుతుంది. అందుకే దీన్ని కరిగించి, లోపలి పురుగును చెక్కుచెదరకుండా బయటికి తీసిన సందర్భాలున్నాయి. మసకబారిన ముక్కలకు ఎక్స్-రే సాయంతో పని చేసే మైక్రో సీటీ యంత్రం ఉంది. అది లోపలి ఆకారాన్ని పొరపొరగా చదివి కంప్యూటర్ తెర మీద మళ్లీ నిలబెడుతుంది.

ఇక రెండో పని కంటిది. ఈగకు ఎగరడానికి ఉన్నది ఒకే జత రెక్కలు. వెనక జత కుంచించుకుపోయి, ఎగిరేటప్పుడు ఒడుదుడుకులు పసిగట్టే బొడిపెల్లాంటి హాల్టర్లుగా మారింది. కాబట్టి వర్గీకరణలో బరువంతా ముందు రెక్కల ఈనెల మీద పడుతుంది. ఈ ఈనెలకు కోస్టా, సబ్‌కోస్టా, రేడియస్, మీడియా, క్యూబిటస్ అని వరస పేర్లున్నాయి. 19వ శతాబ్దం చివర్లో కామ్‌స్టాక్, నీడమ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఖాయం చేసిన పద్ధతి అది. ఏ ఈనె ఎక్కడ చీలింది, ఏది అంచుదాకా చేరింది, ఏది మధ్యలోనే మాసిపోయింది అన్నవి చూస్తారు. ఆ తర్వాత మీసాల్లో కణుపులెన్ని, కాళ్ల మీది ముళ్లు ఏ వరసలో ఉన్నాయి, తొండం పొడవెంత అని లెక్కిస్తారు. మగ ఈగ పొట్ట చివరనుండే జననాంగాల ఆకారం అన్నిటికంటే నమ్మకమైన ఆనవాలు. దగ్గరి జాతులు మిగతా ఒంట్లో ఎంత ఒకేలా ఉన్నా, సాధారణంగా అక్కడ తేడా తెలిసిపోతుంది.

తేడా కనబడగానే కొత్త జాతి అనేస్తే కుదరదు. జిగురులో గింజుకున్న ఈగకు పొట్ట ఉబ్బుతుంది, రెక్క మడతపడుతుంది, ఒళ్లు ముడుచుకుపోతుంది. రంగు మీద అసలు నమ్మకం పెట్టుకోలేం. ఆడా మగా వేర్వేరు ముక్కల్లో దొరికితే ఒకే జాతికి రెండు పేర్లు పెట్టే ప్రమాదమూ ఉంది. అందుకే అనుభవజ్ఞులు ముందు వెతికేది తేడాని కాదు, ఆ తేడా చావు వల్లో వయసు వల్లో లింగం వల్లో వచ్చి ఉండవచ్చా అన్న అనుమానాన్ని. ఆ జల్లెడలో నిలిచిన లక్షణాలనే నాలుగైదు వాక్యాల్లో కుదించి రాస్తారు. దగ్గరి జాతులన్నిటి నుంచి ఇది ఎలా వేరో చెప్పే ఆ చిన్న పేరానే వ్యాసానికి ప్రాణం. 1930 తర్వాత ఇచ్చే పేర్లకు ఇలా వేరుపరిచే వివరణ తప్పనిసరని జంతు నామకరణ నియమావళి చెబుతోంది.

ఈ కాలంలో కూడా చేత్తో గీతబొమ్మ వేయడం మానలేదు. వేర్వేరు లోతుల్లో తీసిన పదుల కొద్దీ ఫొటోలను కలిపి అంతా స్పష్టంగా ఉన్న ఒక్క ఫొటో చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే ఆ ఫొటో గాలి బుడగనీ పగులునీ ఈనెనీ సమానంగా చూపిస్తుంది. వీటిలో ఏది ఈనె అన్నది నిర్ణయించేది గీసేవాడే. అనుమానంగా ఉన్న చోట చుక్కల గీత పెడతాడు. తనకు ఎంతవరకు కనబడిందో అలా ఒప్పుకుంటాడు.

తర్వాత పేరు. లాటిన్ అక్షరాల్లో రెండు మాటలు, ప్రజాతి పేరు, జాతి పేరు. ఈ లెక్క 1758లో లిన్నేయస్ పుస్తకం పదో కూర్పుతో మొదలైంది. పేరు కంటే ముఖ్యమైనది హోలోటైప్. అంటే ఆ పేరుకు శాశ్వతంగా కట్టుబడిన ఒకే ఒక్క నమూనా. దాన్ని ఏ సంస్థ భద్రపరుస్తోందో పత్రంలో చెప్పాలి. రేపెవరికైనా సందేహం వస్తే వెళ్లి చూడాల్సింది దాన్నే.

ఈ ఏర్పాటు విలువేమిటో లండన్‌లో ఒక దొంగ ఈగ నిరూపించింది. 19వ శతాబ్దపు ఈగల నిపుణుడు హెర్మన్ లోవ్ సేకరణలోని ఒక బాల్టిక్ ఆంబర్ ముక్క 1922లో అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియానికి చేరింది. అందులో ఉన్నది ఫానియా స్కలారిస్, ఈనాటికీ మరుగుదొడ్ల దగ్గర తిరిగే ఈగ. కోట్ల ఏళ్లుగా ఏ మార్పూ లేని జాతి అని అబ్బురపడ్డారు. జీవుల వంశవృక్షాలు గీయడానికి ఇప్పుడు లోకమంతా వాడే పద్ధతికి ఆద్యుడు, స్వయంగా ఈగల పండితుడు అయిన విల్లీ హెన్నిగ్ కూడా 1966లో దాన్ని నమ్మాడు. 1993లో ఆండ్రూ రాస్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుండగా దీపం వేడికి ఈగ చుట్టూ పగులు కనబడింది. ఎవరో ఆంబర్‌ని రెండుగా కోసి, ఒక సగంలో గుంట తవ్వి, మామూలు ఈగను పెట్టి అతికించేశారు. హెన్నిగ్ అంతటివాడు పొరబడినా ఆ తప్పు బయటపడిందంటే, ఆ ముక్క ఇంకా మ్యూజియం అరలో ఉండబట్టే.

సరిగ్గా చేసిన వివరణ ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి మళ్లీ సూరత్ ఈగల దగ్గరికే రావాలి. 2017లో ఫ్రౌకె స్టెబ్నర్, లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థకు చెందిన హుకమ్ సింగ్, యెస్ రుస్ట్, డేవిడ్ గ్రిమాల్డి కలిసి లైగిస్టోరైనిడే అనే వర్గపు ఈగల్ని వర్ణించారు. పుట్టగొడుగుల ఈగలకు దగ్గరి బంధువులివి. వీటిలో చాలావాటికి తొండం పొడుగు. మీడియా, క్యూబిటస్ ఈనెల మొదళ్లు మాసిపోయి ఉంటాయి. ఇండోరైనా సాహ్నీ అన్నది కొత్త ప్రజాతి, కొత్త జాతి కూడా. మరొకటి పాలియోనోరిస్టె ఓరియెంటాలె. దీని ప్రజాతి అప్పటివరకూ బాల్టిక్ ఆంబర్‌లోనే తెలుసు.

ఇందులో విశేషమేమిటంటే, సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ నుంచి విడిపోయిన భారత భూభాగం ఆసియాని తాకేదాకా సముద్రంలో ఒంటరిగా ప్రయాణించిందని అనుకునేవారు. అలాంటప్పుడు ఇక్కడి ఈగలు మరెక్కడా లేని రకాలై ఉండాలి. తీరా చూస్తే యూరప్ బంధువులు, ఆగ్నేయాసియా పోలికలు కనబడ్డాయి. ఒక్క ఈగే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. కుట్టే చిన్న దోమల వర్గంలోనూ అదే తేలింది. భారత్ అనుకున్నంత ఒంటరిగా లేదని, మధ్యలో రాకపోకలకు ఏదో దారి ఉండేదని పరిశోధకులు అంటున్నారు. ఈ వాదన నిలబడేది రెక్క మీది ఈనెల్ని ఎవరు చదివినా అదే అర్థం వస్తుందన్న భరోసా మీద.

మయన్మార్ ఆంబర్ సంగతి వేరు. కచిన్ రాష్ట్రం హుకాంగ్ లోయలో దొరికే అది దాదాపు 9.9 కోట్ల ఏళ్లది. డైనోసార్ల కాలపు జీవులకు గొప్ప నిధి. కానీ గనుల చుట్టూ సాయుధ సంఘర్షణ నడుస్తోంది. 2020లో అమెరికా కేంద్రంగా పనిచేసే సొసైటీ ఆఫ్ వెర్టిబ్రేట్ పాలియంటాలజీ ఆ ఆంబర్ కొనుగోళ్లు ఆపమని కోరింది. ప్రైవేటు సేకరణల్లో ఉండిపోయిన నమూనాల పని మరీ కష్టం. యజమాని తలుపు తీస్తేనే వాటిని పరీక్షించగలం.

కాబట్టి కోట్ల ఏళ్ల నాటి కొత్త ఈగ దొరికిందని పత్రికలో చదివినప్పుడు దాని వయసుకు ఆశ్చర్యపోయి ఊరుకోకుండా, హోలోటైప్ ఎక్కడుంది, దేనితో పోల్చి కొత్తదన్నారు అని కూడా అడగాలి. ఈ రెండింటికీ జవాబున్న వివరణను నలభై ఏళ్ల తర్వాత వచ్చే విద్యార్థి కూడా ఎదిరించగలడు. అతను గెలిస్తే పేరు రద్దవుతుంది. ఓడితే దాని బలం ఇంకొంచెం పెరుగుతుంది.