వెనకొచ్చి ముందే పెద్దదయ్యే నేస్తం

బందరు చిలకలపూడిలో గిల్టు నగల పని చాలా ఇళ్లలో వరండాలోనే సాగుతుంది. చాప మీద కూర్చుని అమ్మ గొలుసు కొక్కేలు కలుపుతుంటే, పక్కనే అమ్మమ్మ పూసలు గుచ్చుతుంటుంది. చాప చివర ఐదేళ్ల పిల్ల, ఆ పిల్ల ఒళ్లో రెండు నెలల కుక్కపిల్ల. పిల్ల తోక పట్టుకుంటుంది, కుక్కపిల్ల కుయ్యిమంటుంది. ‘‘అట్టా లాగమాకే, నీ జడ పట్టుకు లాగితే నీకెట్టా ఉంటది?’’ అంటుంది అమ్మమ్మ, చేతిలో దారం కింద పెట్టకుండానే. కాసేపటికి పిల్ల మళ్లీ తోక పట్టుకుంటుంది. అమ్మమ్మ మళ్లీ అదే మాట అంటుంది.

పసిపిల్లలున్న ఇంట్లో కుక్కను పెంచడమంటే ఎక్కువగా ఈ పనే. పిల్లలకూ కుక్కకూ స్నేహం దానంతటదే కుదురుతుందని చాలామంది నమ్మకం. అలా కుదిరినట్టు కనిపించే ఇళ్లలో వెనకాల ఎవరో ఒక పెద్దమనిషి కన్ను ఉంటుంది. ఇలా పని జరిగే ఇళ్లలో ఆ కన్ను ఇంకొంచెం గట్టిగా ఉండాలి. మెరుగు పెట్టే రసాయనాలు, రాళ్లు పొదిగే జిగురు, నేల మీద దొర్లే చిన్న పూసలు ఐదేళ్ల పిల్లకు ఎంత ప్రమాదమో కుక్కపిల్లకూ అంతే. అవి ఉన్న గది గడప ఇద్దరిలో ఎవరూ దాటకూడదు.

చిన్నపిల్లలకు కుక్క ముఖం చదవడం రాదు. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్స్టిన్ మీన్ట్స్ బృందం పిల్లలకు కుక్కల ముఖాలు చూపించి అడిగినప్పుడు, పళ్లు బయటపెట్టి గుర్రుమంటున్న కుక్కను చాలామంది చిన్నారులు నవ్వుతోందనే చెప్పారు. మనిషి ముఖంలో పళ్లు కనిపిస్తే నవ్వే కదా, పసివాళ్లకు తెలిసింది అదే. అందుకే ముందు పెద్దవాళ్లు నేర్చుకుని, తర్వాత పిల్లలకు చూపించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది. తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడిపోతుంది. ఇవన్నీ ‘ఇక చాలు, వదిలెయ్’ అని కుక్క చెప్పే మాటలే. వినిపించుకోకపోతే గుర్రుమంటుంది. అప్పుడు కుక్కను కొట్టడం పెద్దలు చేసే అన్నిటికంటే పెద్ద పొరపాటు. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

నిష్కారణంగా కుక్కపిల్లను కొట్టిన కథ మనకు కొత్తది కాదు. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో మొదట వచ్చే కథల్లోనే అది ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను అతని తమ్ముళ్లు కొట్టి తరిమారు. ఆ పిల్ల ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి వెళ్లింది. ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని సరమ రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది, కారణం లేని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్లింది. అంత పెద్ద భారతం మొదట్లోనే ఒక తల్లికుక్క రాజును అడిగిన ప్రశ్న ఉందని పిల్లలకు చెప్పాలి. వాళ్లు చెవులప్పగించి వింటారు.

కాటు పడితే మాత్రం కథలకు చోటు లేదు. పెంపుడు కుక్కదైనా, వీధి కుక్కదైనా, పన్ను దిగిన చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసరు ఏదీ పెట్టకూడదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకాను మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. లోతైన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. రేబిస్ అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం మంది పదిహేనేళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొందరు పిల్లలు తిడతారని కాటు సంగతి ఇంట్లో దాచిపెడతారు. తిట్టబోమన్న మాట పిల్లలకు ముందే చెప్పి ఉంచడం కూడా టీకా అంత అవసరం.

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఈ టీకా ఇప్పించింది కూడా ఒక పిల్లవాడికే. అల్సాస్ నుంచి వచ్చిన జోసెఫ్ మీస్టర్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. అతను బతికాడు, పెద్దయ్యాక పాశ్చర్ సంస్థలోనే పనిచేశాడు. ఆ తేదీని జూనోసిస్ దినంగా జరుపుతారు. ఆ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పిల్ల చేత కుక్క గొలుసు పట్టించి అక్కడికి తీసుకువెళ్తే మంచిది. సూది పడుతున్నప్పుడు కుక్క తల నిమరడం, కార్డు మీద తర్వాతి తేదీ చూసి గుర్తుపెట్టుకోవడం ఎనిమిదేళ్ల పిల్లకు పెద్ద పదవి.

ఈ బంధం నిలిచేది ఇలాంటి చిన్న చిన్న పనుల మీదే. ఐదేళ్లప్పుడు నీళ్ల గిన్నె నింపడం. ఏడేళ్లకు అన్నం పెట్టడం. తొమ్మిదేళ్లకు చెవి వెనక, వేళ్ల మధ్య పిడుదులున్నాయేమో వెతకడం. పన్నెండేళ్లకు గొలుసు పట్టి వీధిలో నడిపించడం. తడినేల ఎక్కువగా ఉండే మన డెల్టాలో వట్టి కాళ్లతో తిరిగే పిల్లలున్న ఇంట్లో కుక్కకు నులిపురుగుల మందు వేళ తప్పకూడదు. కొంకిపురుగు, ఏలికపాము వంటివి కుక్క నుంచి మట్టికీ, మట్టి నుంచి పిల్లలకూ వస్తాయి. ఆ బాధ్యత మాత్రం పెద్దలదే. కుక్క తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లకూడదన్న మాట ఏ వయసులోనైనా మారదు.

తిండి విషయంలో బందరు ఇళ్లలో ప్రేమ ఎక్కువ, జాగ్రత్త తక్కువ. చేపల పులుసు కలిపిన అన్నం మిగిలితే కుక్కకే. అందులోని ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని దెబ్బతీస్తాయి, ముల్లు గొంతులో దిగుతుంది. ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన మాంసం చాలు. భక్త నరసింహం కట్టించిన చిలకలపూడి పాండురంగడి గుడికి కార్తీకంలో జనం బారులు తీరి వస్తారు. ఆ పాండురంగడి భక్తుడు నామదేవుడు, తన రొట్టె నోట కరుచుకుని పారిపోతున్న కుక్క వెంట నెయ్యి గిన్నెతో పరుగెత్తాడని కథ. ఒట్టి రొట్టె గొంతుకు అడ్డం పడుతుందని అతని తపన. కుక్కకు ఏం పెడుతున్నామో ఆలోచించే మనసు ఆ కథలో ఉంది.

ఇక పదేళ్లు దాటాక పిల్లకు కుక్క ఆటబొమ్మ కాదు. ఇంట్లో చెప్పుకోలేనివి చెప్పుకునే చోటు అవుతుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మాట్ కాసెల్స్ బృందం 77 మంది పన్నెండేళ్ల పిల్లలను అడిగి 2017లో వెలువరించిన ఫలితాల్లో, తోబుట్టువుల కంటే పెంపుడు జంతువుతోనే తమకు ఎక్కువ తృప్తి, తక్కువ గొడవ అని పిల్లలు చెప్పారు. అంతకు దశాబ్దాల కిందటే న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వవేత్త దగ్గరికి ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ణి వేళకు ముందే తీసుకొచ్చారు. గదిలో ఉన్న ఆయన కుక్క జింగిల్స్ ఆ పిల్లవాడి దగ్గరికి పరుగెత్తింది, పిల్లవాడు దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. 1962లో ఆయన ఆ అనుభవాన్ని రాశాడు. తోటి నిపుణులు కొందరు దాన్ని తేలిగ్గా తీసుకున్నారు. ఇవాళ పిల్లల చికిత్సలో కుక్కల సాయం తీసుకునేవాళ్లు చాలామంది ఆయన పేరు చెప్పే మొదలుపెడతారు.

కుక్క వైపు నుంచి కూడా ఇది ఉత్త భ్రమ కాదు. 2021లో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు 8 నుంచి 17 ఏళ్ల పిల్లలు ముప్పై మందిని వాళ్ల కుక్కలతో ఒక ఖాళీ గదిలో నడిపించి చూశారు. పిల్లలు కదిలిన సమయంలో దాదాపు 60 శాతం కుక్కలూ కదిలాయి. గొలుసు లేదు, పిలుపు లేదు. కుక్కలు పిల్లలను పట్టించుకోవన్న మాట అక్కడ నిలవలేదు.

అయితే ఇద్దరి కాలమూ ఒక్క తీరున నడవదు. కుక్క ఏడాది మనిషికి ఏడేళ్లన్న లెక్క తప్పని 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాస్త్రవేత్తలు ల్యాబ్రడార్ల డీఎన్ఏ మీద ఏర్పడే గుర్తులను బట్టి తేల్చారు. వాళ్ల సూత్రం ప్రకారం ఏడాది కుక్క ముప్పై దాటిన మనిషితో సమానం. నాలుగేళ్లకు యాభై మూడు. పన్నెండేళ్లకు డెబ్బై. అంటే ఐదేళ్ల పిల్ల ఒళ్లోకి వచ్చిన కుక్కపిల్ల, ఆ పిల్ల ఆరో పుట్టినరోజు నాటికే వాళ్ల అమ్మ ఈడుకు చేరుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల బంతి విసురుతుంటే అది తాతయ్య వయసులో పరుగెడుతోంది. కుక్క మునుపటిలా ఆడటం లేదని అలిగే పిల్లకు ఈ లెక్క చెబితే వెంటనే అర్థమవుతుంది.

తీరప్రాంతంలో ఇంకో పరీక్ష కూడా ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచిన తర్వాత ఇక్కడ ఎవరూ తుపాను మాటను తేలిగ్గా తీసుకోరు. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ బందరు బిక్కుబిక్కుమంటూనే గడిపింది. ఇల్లు వదిలి వెళ్లాలన్నప్పుడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న కుక్క గురించే. 2005లో కత్రినా తుపాను నాడు న్యూ ఆర్లీన్స్‌లో బస్సెక్కుతున్న ఒక పిల్లవాడి చేతుల్లోంచి పోలీసు అతని తెల్ల కుక్కపిల్లను లాగేసుకున్నాడు. ‘స్నోబాల్, స్నోబాల్’ అని ఏడ్చి ఏడ్చి ఆ పిల్లవాడు వాంతి చేసుకున్నాడని వార్తలొచ్చాయి. ఆ ఒక్క దృశ్యం అమెరికాను కదిలించింది. విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటుండాలని 2006 అక్టోబరులో అక్కడ చట్టం వచ్చింది. మన ఇళ్లలో ఈ సంగతి మబ్బు పట్టకముందే తేల్చుకోవాలి. ఎత్తు మీదున్న చుట్టాలిల్లు ఏది, ఎవరు తీసుకెళ్తారు, గొలుసు ఎక్కడుంది. ఏ దారీ లేకపోతే కనీసం కట్టు విప్పి వెళ్లాలి. కట్టేసిన కుక్కకు ఈదే అవకాశం కూడా ఉండదు.

అన్నిటికంటే కఠినమైన మలుపు మాత్రం పదో తరగతి అయ్యాక వస్తుంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ పిల్లలు చాలామంది ఇంటర్ కోసం విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్లకు వెళ్తారు. పిల్లకు పదిహేనేళ్లు, కుక్కకు పది. పిల్ల ట్రంకుపెట్టె సర్దుకునే వేళకు కుక్క కంటిలో పొర మొదలవుతుంది, మెట్టు ఎక్కడానికి వెనకాడుతుంది. ఆదివారం ఫోన్లో ముందు చదువు, తర్వాత తిండి, ఆ తర్వాత అదే ప్రశ్న: ‘‘అమ్మా, అది నన్ను మర్చిపోయిందా?’’

మర్చిపోదు. ఛార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ మీద లోకం చుట్టి ఐదేళ్ల తర్వాత ఇంటికొచ్చాక, కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వని తన కుక్క జ్ఞాపకశక్తిని కావాలనే పరీక్షించాడు. కొట్టం దగ్గర నిలబడి పాత అలవాటు ప్రకారం పిలిచాడు. అది అరగంట కిందటే విడిపోయినట్టుగా వెంట నడిచి వచ్చింది. ఈ సంగతి ఆయన 1871లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. దసరా నుంచి సంక్రాంతి దాకా కనబడని పిల్లను కుక్క గుర్తుపట్టదన్న దిగులు అక్కర్లేదు. పిల్ల వాడిన దుప్పటి ఒకటి ఉతకకుండా దాని పడక మీద వేస్తే ఆ వాసన తోడుంటుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ముసలి కుక్క కీళ్లనొప్పి ‘వయసే’ అని వదిలేయకుండా అక్కడి వైద్యులకు చూపించవచ్చు.

చివరికి ఆ రోజు వస్తుంది. చాలాసార్లు పరీక్షల ముందే వస్తుంది. పిల్లకు చెప్పొద్దు, చదువు చెడుతుంది, అయ్యాక చెబుదాం అని ఇంట్లో అందరూ ఒక మాట మీదకి వస్తారు. ఈ నిర్ణయం ప్రేమతోనే తీసుకుంటారు గానీ అది తప్పు. రెండు నెలలు ఫోన్లో ‘‘బానే ఉందమ్మా, ఇప్పుడే అన్నం తింది’’ అని చెప్పిన అమ్మ మాట ఆ తర్వాత ఏ విషయంలోనూ పిల్లకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. పదేళ్లు నీళ్ల గిన్నె నింపిన మనిషికి ఆ కబురు అదే రోజు అందాలి. వీలైతే ఒక్క పూట ఇంటికి తీసుకురావాలి. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది కాబట్టి మెరక చోటు చూసి, కొబ్బరిచెట్టు దగ్గర గుంట తీసి, మట్టి వేసే వేళకు పిల్ల ఉండాలి. రాలేకపోతే ఎక్కడ పెట్టారో, మెడ పట్టీ ఏం చేశారో దాచకుండా చెప్పాలి. ఏడుపు రెండు రోజులుంటుంది, వారమూ ఉంటుంది. ఆ ఏడుపు వల్ల తగ్గే మార్కులను తర్వాత తెచ్చుకోవచ్చు.

దిగులు పోగొడదామని ఆ వారమే ఇంకో కుక్కపిల్లను తేవడం మంచిది కాదు. వేసవి సెలవులకు పిల్ల ఇంటికొచ్చాక అడగాలి. కొందరు అదే రోజు ఊ అంటారు. కొందరు డిగ్రీ అయ్యేదాకా వద్దంటారు. రెండింటికీ ఇంట్లోవాళ్లు సరే అనాలి.