చంక దగ్గర ఆగిపోయే కోటు

"వచ్చే వారం క్లయింట్లు వస్తున్నారు, అందరూ బిజినెస్ ఫార్మల్స్‌లో రావాలి" అని ఆఫీసులో మెయిల్ వస్తే మా టీములో మగవాళ్లు ఇస్త్రీ గురించి ఆలోచిస్తారు. నేను సెలవు గురించి ఆలోచిస్తాను. ఛాతీ చుట్టు నలభై ఆరు అంగుళాలున్న ఆడమనిషికి హైదరాబాదులో నైటీ దొరకడం పది నిమిషాల పని. పట్టుచీరకి ఓ పూట పడుతుంది, అదీ రంగు తేలక. ఒక కోటు, లోపలికో షర్టు, కింద ప్యాంటు కావాలంటే మాత్రం ఊరంతా గాలించాలి.

మాల్‌లో ఫార్మల్స్ దగ్గర నిలబడ్డ అమ్మాయి నేను హ్యాంగరు ముట్టుకోకముందే "మీకా మేడమ్?" అంటుంది. అవునంటే "కుర్తీలు పై ఫ్లోర్‌లో ఉన్నాయి మేడమ్" అంటుంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. పొద్దస్తమానం నిలబడి చేసే ఉద్యోగం. లేని సరుకు కోసం ఇద్దరం ఎందుకు వెతకడం అన్నది ఆమె లెక్క. కాస్త దయగలవాళ్లయితే "నేవీ బ్లూ చూడండి మేడమ్, సన్నగా కనిపిస్తారు" అని సలహా కూడా ఇస్తారు. నేనడిగింది సన్నగా చూపించే కోటు కాదు, చెయ్యి పైకెత్తనిచ్చే కోటు.

పోనీ, ఎక్కడో మూల త్రిబుల్ ఎక్సెల్ ఒకటి దొరికిందనుకోండి. ట్రయల్ రూములో ఎడమ చెయ్యి బాగానే దూరుతుంది. కుడి చెయ్యి దూర్చేసరికి గుడ్డ రెండు జబ్బల దగ్గరా బిగుసుకుని, పోలీసులు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నట్టు అవుతుంది. ఇక ముందుకీ పోదు, వెనక్కీ రాదు. లైనింగు ఎక్కడ పర్రుమంటుందోనని ఊపిరి బిగబట్టి, ఒక్కో అంగుళమే లాక్కుని బయటపడాలి. కిందామీదా పడి తొడిగేశామా, అప్పుడు వేరే తమాషా. భుజం కుట్టు భుజం దాటి కిందికి జారి ఉంటుంది. చేతులు వేళ్ల కణుపులు దాటతాయి. మెడ వెనక గుడ్డ లేచి నిలబడుతుంది. ఛాతీ మీద మాత్రం రెండు గుండీల మధ్య సందు నోరు తెరుస్తుంది. ఒకే కోటు ఒకచోట వదులు, ఇంకోచోట బిగుతు. ఇంకా పెద్ద సైజు వేసుకుంటే వదులు ఇంకా వదులవుతుంది, బిగుతు అలాగే ఉంటుంది.

దీని గుట్టంతా కత్తిరింపులో ఉంది. రెడీమేడ్ కంపెనీలు సాధారణంగా ప్రతి సైజుకీ విడిగా ప్యాటర్న్ గీయవు. మధ్యస్థంగా ఉన్న మనిషికి ఒకటి గీసి, నప్పేదాకా సరిచేసి, అక్కణ్నుంచి ఛాతీకి ఇంత, భుజానికి ఇంత, చేతికి ఇంత అని కలుపుకుంటూ పోతాయి. గ్రేడింగ్ అంటారు. ఒకటి రెండు సైజుల వరకూ ఈ పద్ధతితో ఇబ్బంది లేదు. ఆపైన లెక్క తప్పుతుంది. ఎందుకంటే మనిషి ఒళ్లు చేస్తే ఎముకలు పెరగవు. భుజాల వెడల్పు ఇంచుమించు అంతే, చేతుల పొడవూ అంతే. పెరిగేవి జబ్బలు, వీపు, రొమ్ము, పొట్ట. అక్కడ గుడ్డ కావాలి, చంక లోతు మారాలి, టక్కులు పెరగాలి. అంటే పెద్ద సైజుకి ప్యాటర్న్ మళ్లీ మొదటి నుంచి గీయాలి, ఆ ఒళ్లున్న మనిషికే తొడిగి చూసి దిద్దాలి. దానికి ఖర్చవుతుంది. గుడ్డా ఎక్కువే పడుతుంది. ఆ ఖర్చు పెట్టకుండా సన్నటి మనిషి బొమ్మనే సాగదీసి, లేబుల్ మీద ఇంకో ఎక్స్ కలిపి పంపుతున్నారన్నది నా ఫిర్యాదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. లిథువేనియా నుంచి న్యూయార్క్‌కి వలస వెళ్లి, కుట్టుపనితో బతికిన లీనా బ్రయంట్ అనే ఆవిడ వందేళ్ల కిందటే ఈ పని చేసి చూపించింది. తన దుకాణానికి వచ్చే వేలమంది ఆడవాళ్ల కొలతలు తీయించి, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరున్న లెక్కలు కూడా తెప్పించి, లావుగా ఉన్నవాళ్లంతా ఒకే ఆకారంలో ఉండరని తేల్చుకుని, దాన్నిబట్టి బట్టలు కుట్టించింది. బాగా సంపాదించింది కూడా. బ్యాంకు కాగితం మీద లీనా కాస్తా లేన్ అయిపోతే, ఆ తప్పు పేరే దుకాణానికి స్థిరపడింది.

మన దగ్గర అలాంటి గిరాకీ లేదంటారా? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. దేశం మొత్తం మీద 24. తగ్గాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడుకునే సంగతి. తగ్గేదాకా ఆఫీసుకి ఏం వేసుకుని వెళ్లాలన్నది నేనడుగుతున్న సంగతి. దుకాణాల వాళ్లేమో మేం రేపో మాపో సన్నబడిపోతామని, ఈలోగా ఓ కఫ్తాన్‌తో సర్దుకుంటామని అనుకుంటున్నట్టుంది.

గిరాకీ దుకాణదారుడి కంటపడకపోవడానికి వ్యాపారం నడిచే తీరు కూడా కారణమే. సూరత్ నుంచో జైపూర్ నుంచో హోల్‌సేల్‌గా వచ్చే కుర్తీలు చాలామటుకు సెట్టుగా వస్తాయి. మీడియం, లార్జ్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ ఒక్కోటి. ఆ ఒక్క డబుల్ ఎక్సెల్ ముందే అమ్ముడుపోతుంది. అది మాత్రమే మళ్లీ తెప్పిద్దామంటే సెట్టు మొత్తం కొనాలి. అందుకని తెప్పించడు. నాలాంటిది వస్తే "ఒక్కటే వచ్చిందమ్మా, అయిపోయింది" అంటాడు. పదిసార్లు ఆ మాట విన్నవాళ్లు అడగడం మానేస్తారు. అడిగేవాళ్లు లేరు కాబట్టి గిరాకీ లేదని ఆయన నమ్ముతాడు.

లేబుళ్ల సంగతి సరేసరి. ఒక కంపెనీ ఎక్సెల్ ఇంకో కంపెనీ డబుల్ ఎక్సెల్‌తో సమానం. మన ఒళ్లకి మనదంటూ కొలతల పట్టిక లేక, ఎక్కువగా బయటి దేశాల పట్టికల్ని అటూ ఇటూ మార్చి వాడుకున్నారు. ఇది గుర్తించే 2018లో కేంద్ర జౌళి శాఖ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ద్వారా ఇండియాసైజ్ సర్వే తలపెట్టింది. ఆరు నగరాల్లో పాతికవేల మందిని త్రీడీ స్కానర్ల ముందు నిలబెట్టి కొలతలు తీయాలని ఏర్పాటు. ఆ ఆరింటిలో హైదరాబాదు కూడా ఉంది. మంచిదే. అయితే కొలతలు తీయడం సగం పనే. వాటిని చూసి కత్తెర పట్టాల్సింది కంపెనీలు.

"ఇంత గొడవెందుకే, చక్కగా చీర కట్టుకోరాదూ" అంటుంది మా అమ్మ. చీరకి సైజు లేదు, నిజమే. జాకెట్టుకి ఉంది. చీరతో వచ్చే జాకెట్టు గుడ్డ సాధారణంగా ఎనభై సెంటీమీటర్లు. మోచేతుల వరకూ చేతులు పెట్టించుకుందామంటే నాకు చాలదు. మా వీధి టైలరమ్మ గుడ్డని బల్ల మీద నిలువుగా, అడ్డంగా పరిచి చూసి, నా ముఖంలోకి కూడా చూడకుండా "మ్యాచింగ్ సెంటర్లో అర మీటరు తెచ్చుకోండక్కా, చంక కింద అతుకేస్తా, కనపడదు" అంటుంది. నిజంగానే కనపడదు. ఆది జాకెట్టు ఒకటి చేతికిస్తే నాలుగు టక్కులతో గీత తప్పకుండా కుట్టగల మనిషి. అంత పెద్ద కంపెనీలకి చేతకానిది ఆవిడ పాత సుద్దముక్కతో చేసేస్తుంది. కోటు మాత్రం కుట్టనంటుంది. "కాలరూ కాన్వాసూ నాకు రావక్కా, అది జెంట్స్ వాళ్ల పని." జెంట్స్ టైలర్లని అడిగితే లేడీస్ కుట్టమంటారు.

చివరికి దారి చూపించింది వకీలుగా చేస్తున్న మా స్నేహితురాలు. కోర్టుకి నల్లకోటు లేకుండా వెళ్లడం కుదరదు కదా, అన్ని రకాల ఒళ్ల ఆడవాళ్లూ ఎక్కడో ఓచోట కుట్టించుకోవాల్సిందే. అలా వాళ్లకి కుట్టీ కుట్టీ చెయ్యి తిరిగిన ఒక మాస్టరు కోర్టు దగ్గరే ఉన్నాడు. టేపు ఆయన భార్య పడుతుంది, ఆయన పక్కన నిలబడి పుస్తకంలో రాసుకుంటాడు. వీపు కొలత రెండుసార్లు తీయించాడు. నిటారుగా నిలబెట్టి ఒకసారి, "ఫైలు పట్టుకున్నట్టు చేతులు ముందుకు పెట్టండమ్మా" అని ఇంకోసారి. రెండు అంకెలకీ చాలా తేడా. ఆ తేడా అంతా గుడ్డగా వెళ్లాలట, లేకపోతే కంప్యూటరు ముందు కూర్చోగానే వెనక కుట్టు లాగేస్తుందట. పక్క కుట్లలో లోపల గుడ్డ వదులుతున్నాడా అని అడిగితే, అది కూడా అడగాలా అన్నట్టు చూశాడు.

కుట్టుకూలి మాల్‌లో కోటు ధరకన్నా ఎక్కువే చెప్పాడు. బేరమాడలేదు. ప్యాంటు కూడా కుడతారా అన్నాను. కుడతాడట. నడిచేటప్పుడు తొడల దగ్గర రాపిడికి గుడ్డ అరిగిపోకుండా లోపల ఆస్తరు పట్టీ వెయ్యాలి, మెత్తటి రకం చూసి అర మీటరు ఎక్కువే తెమ్మన్నాడు. శనివారం కోఠీ వెళ్లి తేవాలి.