బోగాంగ్ పురుగు దారి లెక్క

బరువు గ్రాములో మూడో వంతు. గోధుమ, బూడిద రంగులు కలిసిన రెక్కలు విప్పితే నాలుగైదు సెంటీమీటర్లు. చెట్టు బెరడు మీద వాలితే కంటికి ఆనదు. ఆస్ట్రేలియాలో ఉండే ఈ బోగాంగ్ రెక్కల పురుగు రాత్రిపూట చుక్కల్ని చూసుకుంటూ వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రయాణిస్తుందంటే నమ్మడం కష్టమే.

క్వీన్స్‌లాండ్ దక్షిణాన, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల పడమటి మైదానాల్లో ఇది పుడుతుంది. గొంగళి పురుగు దశలో చలికాలపు పచ్చికను, పైర్లను తిని పెరుగుతుంది. ఎండలు ముదిరేలోగా, అక్కడ వసంతమైన సెప్టెంబరు మొదలుకొని బయలుదేరి, దేశానికి ఆగ్నేయ మూలనున్న ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ కొండల్లోని చల్లటి గుహలకు చేరుతుంది. వేసవి అక్కడే గడిపి, ఆకురాలు కాలంలో పుట్టిన నేలకు తిరిగొచ్చి, గుడ్లు పెట్టి చనిపోతుంది. పోయేదీ వచ్చేదీ ఆ ఒక్క పురుగే. బయలుదేరే నాటికి తల్లీ తండ్రీ బతికి లేరు. దారి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

గుహలో వీటి సర్దుబాటు చూడాలి. ముందున్నదాని రెక్కల కిందికి వెనకది తల దూర్చి, గూనపెంకులు పరిచినట్టు రాతిగోడంతా కప్పేస్తాయి. కళ్లకు వెలుతురు తగలదు. 1950లలో ఇయాన్ కామన్ అనే శాస్త్రవేత్త కాన్‌బెర్రా దగ్గరి జింజెరా కొండ మీద లెక్కవేస్తే, చదరపు మీటరుకు దాదాపు 17,000 తేలాయి. వీటి ఒళ్లంతా కొవ్వు. అందుకే అక్కడి ఆదిమ జాతులవాళ్లు వేసవిలో కొండలెక్కి, వీటిని కాల్చుకు తినేవారు. విక్టోరియాలోని క్లాగ్స్ గుహలో దొరికిన నూరుడు రాయికి అంటిన వీటి ఆనవాళ్లు సుమారు రెండు వేల ఏళ్ల నాటివి.

ఇక దారి సంగతి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ వారంట్, డేవిడ్ డ్రేయర్ బృందం దీన్ని తేల్చడానికి రూపొందించిన ప్రయోగం, పురుగు నేర్పుకు ఏమాత్రం తీసిపోదు. వలస పురుగును పట్టి, దాని వీపుకు సన్నటి టంగ్‌స్టన్ పుల్ల అతికించారు. పుల్లకు కట్టుబడి ఉన్నా పురుగు ఎటు కావాలంటే అటు తిరిగి ఎగరగలదు, ఎటు తిరిగిందో పైనున్న యంత్రం నమోదు చేస్తుంది. చుట్టూ తీగచుట్టలు పెట్టి భూ అయస్కాంత క్షేత్రాన్ని సున్నా చేశారు. నెత్తిన నిజమైన దక్షిణార్ధగోళపు ఆకాశ చిత్రాన్ని వేశారు. పురుగు ఆ కాలంలో ఏ దిక్కుకు పోవాలో ఆ దిక్కుకే తిరిగింది. ఆకాశాన్ని 180 డిగ్రీలు తిప్పితే అదీ వెనక్కి తిరిగింది. చుక్కల్ని చిందరవందర చేస్తే దిక్కుతోచక తిరిగింది. మెదడులో సన్నటి ఎలక్ట్రోడ్లు గుచ్చి చూస్తే, ఆకాశం తిరుగుతున్నకొద్దీ స్పందన మార్చుకునే కణాలు దొరికాయి. 2025లో 'నేచర్' పత్రికలో ఇది అచ్చయింది. చుక్కల ఆధారంతో దూరంలోని ఒక గమ్యం వైపు సాగే కీటకం తెలియడం ఇదే మొదలు.

మబ్బు పడితే? అప్పుడు అయస్కాంత క్షేత్రమే ఆధారం. ఇదే బృందం 2018లో చేసిన ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. కొండ ఆకారంలో ఒక నల్లటి త్రికోణాన్ని చూపిస్తూ, దాన్నీ అయస్కాంత క్షేత్రాన్నీ కలిపి తిప్పితే పురుగు కూడా వాటితోపాటే తిరిగింది. ఒకదాన్నే తిప్పి రెంటికీ పొత్తు చెడగొడితే కొద్ది నిమిషాల్లో దిక్కు తప్పింది. కళ్లకు కనిపించినంత మాత్రాన నమ్మదు, లోపలి దిక్సూచి చెప్పిందనీ నమ్మదు, ఒకదానితో ఒకటి సరిచూసుకుంటుంది. ఒక్క ఫోన్ మ్యాప్‌ను నమ్మి చెరువు గట్టెక్కే మనకు ఈ పద్ధతి కొంచెం అలవడితే మంచిదే.

ఇంత నేర్పున్నా దీపం ముందు ఓడిపోతుంది. కాన్‌బెర్రా పార్లమెంటు భవనం లైట్లకు ఆగిపోయి, గుంపులుగా లోపలికి దూరిన ఏళ్లున్నాయి. 2017 నుంచి వచ్చిన కరువులో గుహలు దాదాపు ఖాళీ అయ్యాయి. శీతాకాలపు నిద్ర లేచి వీటికోసం ఎదురుచూసే పిగ్మీ పోసమ్ అనే చిన్న కొండజంతువుకు తిండి కరవైంది. 2021లో బోగాంగ్‌ను అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న జీవిగా చేర్చారు.

మెల్‌బోర్న్, కాన్‌బెర్రా, సిడ్నీలలో ఉంటున్న మనవాళ్లు వసంతకాలపు రాత్రుల్లో అవసరం లేని పెరటి లైట్లు ఆర్పేయండి. బోగాంగ్ పురుగు కనిపిస్తే ఫొటో తీసి, జూస్ విక్టోరియా నడిపే 'మాత్ ట్రాకర్' వెబ్‌సైట్‌కు పంపండి.