చార్లీ వాట్స్ కొట్టని దెబ్బ

రాక్ డ్రమ్మర్ అంటే జుట్టు విరబోసుకుని, చుట్టూ డజను డ్రమ్ములు పేర్చుకుని, చెమటలు కక్కుతూ బాదేవాడని చాలామంది లెక్క. 1963 జనవరి నుంచి 2021 ఆగస్టులో కన్నుమూసేదాకా రోలింగ్ స్టోన్స్ బ్యాండ్‌లో వాయించిన చార్లీ వాట్స్ ఈ లెక్కకు రాడు. స్టేడియం ఎంత పెద్దదైనా ఆయన ముందుండేది గ్రెట్ష్ కంపెనీవాళ్ల నాలుగు డ్రమ్ముల చిన్న కిట్టే. సోలోలంటే ఆయనకు పడదు.

1941లో లండన్‌లో ఒక లారీ డ్రైవరుకు పుట్టాడు. కుర్రతనంలో బ్యాంజో కొనుక్కున్నాడు. దాని మెడ మీద వేళ్లు కుదరక ఆ మెడనే ఊడబీకి, మిగిలిన గుండ్రటి ముక్కను స్టాండు మీద పెట్టి బ్రష్‌లతో వాయించడం మొదలుపెట్టాడు. ఆర్ట్ స్కూల్లో చదివి, పగలు అడ్వర్టైజింగ్ డిజైనరుగా పనిచేస్తూ, బ్లూస్ గిటారిస్టు అలెక్సిస్ కోర్నర్ బృందంలో వాయించేవాడు. రాక్‌లోకి వచ్చినా మనసు జాజ్ మీదే. ఎడమచేతి పట్టు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది: అరచెయ్యి పైకి తిప్పి, పుల్లను బొటనవేలి సందులో ఇమిడ్చేవాడు. భుజానికి వాలుగా వేలాడే డ్రమ్ము కొడుతూ కవాతు చేసిన సిపాయిల నుంచి జాజ్‌వాళ్లకు అబ్బిన పట్టు అది.

అసలు కిటుకు మాత్రం కుడిచేతిది. మామూలు రాక్ నడకలో కుడిచెయ్యి హై-హ్యాట్ అనే జంట తాళాల మీద నాలుగు మాత్రలకు ఎనిమిది దెబ్బలూ ఆపకుండా వేస్తుంది. ఎడమచెయ్యి రెండో మాత్రకూ, నాలుగో మాత్రకూ స్నేర్ డ్రమ్ము మీద పడుతుంది. అంటే ఆ రెండు చోట్లా రెండూ కలిసి మోగుతాయి. చార్లీ సరిగ్గా అక్కడ కుడిచెయ్యి పైకి లేపేసేవాడు. హై-హ్యాట్ నోరు మూసుకుంటుంది, స్నేర్ ఒక్కటే ఠప్పుమంటుంది. వీడియోలో చూస్తే, కొట్టబోయి ఎందుకో మానుకున్నట్టుంటుంది. చెయ్యి లేచి దిగే ఆ కాస్త వ్యవధిలో నడక వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. మెట్రోనోమ్ ఒప్పుకోదేమో గానీ, వినేవాడి కాలు ఆడేది అక్కడే.

చాలా బ్యాండ్లు డ్రమ్మర్ని పట్టుకుని నడుస్తాయి. స్టోన్స్‌లో కీత్ రిచర్డ్స్ గిటార్ ముందు, చార్లీ దాని వెనక. అందుకే వాళ్ల పాట ఇప్పుడో ఇంకాసేపటికో విడిపోయేలా ఊగుతూనే చివరిదాకా నిలబడుతుంది. 1969 నాటి ‘హాంకీ టాంక్ విమెన్’ మొదలైన వేగం ఒకటి, ముగిసే వేగం ఇంకొకటి. ఇవాళైతే కంప్యూటర్‌లో సరిచేసి పాటను చంపేసేవాళ్లు. అదే ఏడాది వచ్చిన ‘యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్’ నడక చార్లీకి చిక్కలేదు. నిర్మాత జిమ్మీ మిల్లర్ కిట్ ముందు కూర్చున్నాడు. రికార్డులో వినిపించేది మిల్లర్ చెయ్యే. చార్లీ దాన్ని దాచలేదు, పైగా స్టూడియోలో ఎలా వాయించాలో మిల్లర్ వల్లే మళ్లీ ఆలోచించానని చెప్పుకున్నాడు.

మనిషి కూడా తన వాయింపు లాంటివాడే, దేనికీ ఎగబడడు. 1967 నుంచి టూర్లలో పడుకున్న ప్రతి హోటల్ మంచం బొమ్మా గీసుకున్నాడు. డ్రైవింగ్ రాదు, అయినా పాతకాలపు కార్లు కొని, మంచి సూటు తొడుక్కుని వాటిలో కూర్చునేవాడు. 1980లలో మాత్రం మత్తుమందుల్లో పడి, తేరుకున్నాడు.

ఆయన పోయాక ఆ స్టూలు మీదికి స్టీవ్ జోర్డన్ వచ్చాడు. 1980లలో కీత్ విడిగా ఆల్బం చేసుకోబోతుంటే, ఇంకెవరితోనైనా వాయించాలనుకుంటే జోర్డన్‌నే తీసుకో అని చెప్పింది చార్లీయే.